తుఫాను షెల్టర్ల తాళాలు తీయించండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది ఒంగోలు. మీ పేపరు మా నాయన ఉన్నప్పటి నించీ మా ఇంటికొస్తోంది, ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదటిసారి. పెద్దదైపోయింది, మీరు ఎంత కోసేసినా ఏమీ అనుకోను గానీ తుఫాను షెల్టర్ల ముక్క మాత్రం ఉంచండి, ఈ ఉత్తరం రాసిందే దానికోసం.

మొన్న సంక్రాంతికి, కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, ఆ ఒక్కరోజూ ఇంటో ఉండి ముక్కనుమ నాడు సైకిళ్ళు రైల్లో వేసుకుని ఇచ్ఛాపురం పోయాం. అక్కణ్ణించి తడ దాకా సముద్రం పక్కనే తొక్కుకుంటా రావాలని ప్లాను. బళ్ళో ఆంధ్ర తీరం 974 కిలోమీటర్లని బట్టీ పట్టాం, అది అప్పటి లెక్క, ఆ 974 ఎట్టా ఉంటదో కాళ్ళకి తెలియాలని నాకు ఎన్నో ఏళ్ళ కోరిక. ముగ్గురం బయలుదేరాం. నేనూ, మా పిన్ని కొడుకు, ఇంకా విశాఖలో ఉండే ఒక పెద్దాయన. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు, 63 ఏళ్ళు, మేం గార్డుగారూ అనే పిలుస్తాం. జనవరిలో ఎందుకంటే ఆ నెల గాలి ఈశాన్యం నించి వస్తది, పైనించి కిందకి వచ్చేవాడికి వీపు మీద చెయ్యేసి తోసినట్టుంటది, అదే ఎండాకాలం అయితే దక్షిణం గాలి ఎదురుగా కొట్టి ఒక్క కిలోమీటరు మూడు కిలోమీటర్లవుతది.

ఒంగోలు దాకా మాకు పెద్ద కష్టం లేదు. విశాఖ దాటాక కత్తిపూడి దగ్గర 216 నంబర్ హైవే అందుకుంటే కాకినాడ, అమలాపురం, నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా దాదాపు సముద్రానికి తోడుగానే వస్తది, ఊళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి, ఎక్కడ అలిసిపోతే అక్కడ టీ కొట్టు. ఆ రోడ్డు ఒంగోల్లో అయిపోతది. అయిపోయాక మనకి మిగిలేది 16వ నంబర్ హైవే ఒక్కటే, అంటే కలకత్తా మద్రాసు లారీల రోడ్డు. సముద్రం ఎక్కడో తూర్పున ఉంటది, మనం లారీల పక్కన తెల్లగీత మీద ఉంటాం. కొత్తపట్నం, పాకల, రామాయపట్నం, తుమ్మలపెంట, రామతీర్థం, మైపాడు, ఇన్ని తీరాలున్నాయి గానీ ఒకదాన్నించి ఇంకోదానికి సైకిల్ మీద పోవాలంటే చాలాచోట్ల కాలవో వాగో అడ్డమొచ్చి మళ్ళీ వెనక్కొచ్చి హైవే ఎక్కాల్సిందే. బకింగ్‌హామ్ కాలవ ఉంది కదా, ధాత కరువులో తిండి లేని జనం చేత తవ్వించిన ముక్కలు కూడా ఉన్న కాలవ అది, ఒకప్పుడు ఆ నీళ్ళ మీద పడవల్లో ఉప్పూ ధాన్యం మద్రాసు దాకా పోయేవి, ఇప్పుడు దాన్ని దాటడానికి వంతెన వెతుక్కుంటా పోతుంటే ఆ మాటే గుర్తొచ్చింది.

ఒంగోల్లో మా ఇంట్లోనే పడుకున్నాం. అప్పటికే తొమ్మిది రోజులైంది, రోజుకి 80, 85 కిలోమీటర్లు, ఒక్కరోజు కూడా ఆగలేదు. మా ఆవిడ రెండ్రోజులుండి పొమ్మంది. నేనే ఒప్పుకోలేదు, ఇంట్లో ఆగితే మళ్ళీ కదలబుద్ధి కాదని భయం. అది తప్పని కావలి దాటాక తెలిసింది.

కావలి నించి తుమ్మలపెంట పోయి సముద్రం చూసి వెనక్కొచ్చి బిట్రగుంట మీదుగా అల్లూరు వైపు తిరిగాం. బిట్రగుంటలో గార్డుగారు ఆపమన్నారు. ఆవిరి ఇంజన్ల రోజుల్లో అక్కడ పెద్ద లోకో షెడ్డు ఉండేది, ఆయన కుర్రతనంలో విజయవాడ డివిజన్‌లో పనిచేసేటప్పుడు గూడ్సు బండి దిగి అక్కడి రన్నింగ్ రూమ్‌లో ఎన్నో రాత్రులు పడుకున్నారట. రన్నింగ్ రూమ్ అంటే తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, డ్రైవరూ గార్డూ ఇల్లు కాని ఊళ్ళో డ్యూటీ దిగితే రైల్వేవాళ్ళు ఇచ్చే బస, మంచం ఉంటది, వండిపెట్టే మనిషి ఉంటాడు, ఇన్ని గంటలు పడుకున్నాకే మళ్ళీ బండి ఎక్కాలని రూలు కూడా ఉంటది. "నిద్ర లేనోడి చేతికి జెండా ఇవ్వకూడదని తెల్లోడి కాలం నించే తెలుసు బాబూ" అన్నారు. అట్టా అన్న మనిషే ఆ మధ్యాహ్నం నించి కుడి మోకాలు పట్టుకుని తొక్కుతున్నారు, మాకు చెప్పలేదు. మేం ఆగాల్సొస్తదని చెప్పలేదంట.

విడవలూరు మండలంలో ఒక పట్టపుపాలెం, అంటే సముద్రం మీద వేటకి పోయేవాళ్ళ పల్లె, దగ్గరికి వచ్చేసరికి ఆరు దాటింది. ఊరి పేరు రాయను, ఎందుకో కింద మీకే అర్థమవుద్ది. గార్డుగారు సైకిల్ దిగి నిలబడలేకపోయారు, చిప్ప చుట్టూ వాచిపోయి ఉంది. ఎదురుగా చూస్తే తుఫాను షెల్టర్. మన కోస్తాలో అందరూ చూసే ఉంటారు, కింద ఖాళీ వదిలి స్తంభాల మీద ఎత్తుగా కట్టిన బిల్డింగు, ముసలోళ్ళు, పశువులు ఎక్కడానికి ర్యాంపు, పైన పెద్ద హాలు, బాత్రూములు, డాబా మీద ట్యాంకు. ఇట్టాంటివి చాలా వరకు ప్రపంచ బ్యాంకు డబ్బుతో తుఫాను ముప్పు తగ్గించే ప్రాజెక్టు కింద ఇక్కడా ఒడిశాలో కట్టారు, కట్టినవాళ్ళకి చేతులెత్తి మొక్కాలి, అందులో సందేహం లేదు. మేం చూసినదానికి గేటుకి తాళం. తాళం తుప్పు పట్టి ఉంది. గోడ మీద ఒక ఫోన్ నంబర్ రాసి ఉంటే చేసాం, పోలేదు. ర్యాంపు మీదే కూలబడ్డాం.

అప్పుడొచ్చింది ఒక అవ్వ, తలమీద పుల్లల మోపు పెట్టుకుని. "ఏంది నాయనా ఈడ కూసోనుండారు, చీకటి పడతా ఉండాది" అంది. చెప్పాం. మోపు దించి గార్డుగారి మోకాలు వంగి చూసి, ఇంకేం అడగలేదు, మా కులం అడగలేదు, ఎందుకు తొక్కుతున్నారనీ అడగలేదు, పదండి అంది. వాళ్ళ ఇల్లు రెండు గదులు. కొడుకు వేటకి పోతాడు, కోడలు, స్కూలుకి పోయే ఇద్దరు పిల్లలు. ఉన్న ఒక్క నులక మంచం అవ్వది, అది గార్డుగారికి వేసి తను గచ్చు మీద పాత వల పరుచుకుని దానిమీద దుప్పటేసుకుని పడుకుంది. నేను వద్దన్నా, కాలు దించుకోలేనోడు కింద ఎట్టా పడుకుంటాడు అని నన్నే కసిరింది.

మర్నాడు మేం కదల్లేదు. పదకొండు రోజుల్లో అదే మొదటి రెస్టు.

నిజం చెప్తున్నా, ఆ రోజు లేకపోతే ఈ ప్రయాణం గురించి నాకు చెప్పడానికి ఏముంటది, ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని పంచర్లు అంతే. పొద్దున్నే మా తమ్ముడు మూడు సైకిళ్ళూ తిరగేసి కడిగాడు. ఉప్పుగాలికి చైన్లు ఎర్రగా తుప్పెక్కి ఉన్నాయి, ఆ ఊళ్ళో బోటు ఇంజన్లు బాగుచేసే కుర్రాడు కిరసనాయిలు తెచ్చిచ్చాడు, లింకు లింకుకీ బ్రష్షు పెట్టి తోమి గుడ్డతో ఆరబెట్టి ఆయిల్ వేసారు. మా ట్యూబులకి సన్న వాల్వు ఉంటది, మామూలు పంపు ఎక్కదు, ఆ కుర్రాడు దాన్ని చూసి ఎట్టా పనిచేస్తదో విప్పి చూపించమని పది నిమిషాల్లో పట్టేసాడు. కడుగుతుంటేనే బయటపడింది గార్డుగారి సైకిల్ సీటు గొట్టం బోల్టు లూజై సీటు అంగుళం పైగా కిందకి జారిపోయి ఉందని. సీటు కిందకి దిగితే తొక్కే ప్రతిసారీ మోకాలు ఎక్కువ మడవాలి, బరువంతా చిప్ప మీద పడతది. ఎక్కడ జారిందో ఏమో, మచిలీపట్నం దగ్గర గతుకుల్లోనో ఏమో. మధ్యలో ఎక్కడైనా ఒక్క పూట ఆగి సైకిల్ కడిగుంటే అప్పుడే కనపడేది, ఆయన తడ దాకా వచ్చేవారు. ఆ సంగతి ఇప్పటికీ నాకు ముల్లులా ఉంది, ఎందుకంటే ఒంగోల్లో ఆగొద్దన్నది నేనే.

వేటకెళ్ళిన అన్న, అంటే అవ్వ కొడుకు, పది గంటలకి వచ్చాడు. కానాగంతలు, కొన్ని నెత్తళ్ళు, రెండు చిన్న వంజరాలు. వంజరం అమ్మేదే గానీ తినేది కాదు వాళ్ళకి, అయినా ఒకటి మాకని తీసిపెట్టాడు. కోడలు సాయంత్రం పులుసు పెట్టి దించి మూత వేసింది, రాత్రికి మాకు నెత్తళ్ళ వేపుడుతో పెట్టి పులుసు ముట్టుకోనివ్వలేదు. నెల్లూరోళ్ళకి చెప్పక్కర్లేదు, పులుసు రాత్రంతా ఊరి తెల్లారితేనే ముక్కకి పులుపు పడతది. మధ్యాహ్నం అంతా అన్న వల బాగుచేసుకుంటా కూర్చున్నాడు, తెగిన కళ్ళు ఒక్కొక్కటీ చేత్తో వెతికి అల్లుతున్నాడు, గార్డుగారు కాలు చాపుకుని పక్కనే కూర్చుని అల్లడం నేర్చుకున్నారు. వేట లేని రోజు కూడా పనే కదా అంటే, "వేట లేని రోజే అన్నా అసలు పని, చూసుకోకుండా పోతే వల సముద్రంలో చెప్తది" అన్నాడు.

అప్పుడే షెల్టర్ సంగతి వచ్చింది. 2023 డిసెంబర్లో మిచౌంగ్ తుఫాను నెల్లూరు తీరం పొడుగునా వచ్చి బాపట్ల దగ్గర తీరం దాటింది కదా, ఆ రెండు రాత్రులూ ఈ పాలెం జనం ఆ షెల్టర్లోనే ఉన్నారంట. తాళం తీసేసరికి మోటారు తిరగలేదు, కుళాయిలు బిగుసుకుపోయి ఉన్నాయి, బాత్రూముల్లో పైపులు పూడుకుపోయి ఆడోళ్ళు ఆ గాలివానలో బయటికి పోవాల్సొచ్చింది. బిల్డింగు గట్టిదే, గోడలు కదల్లేదు. ఏళ్ళ తరబడి ఎవ్వరూ ఒక్క కుళాయి తిప్పకపోతే ఏదైనా అంతే. అవ్వ అంది, "ఇల్లన్నాక పొయ్యి ఎలిగించాలి నాయనా, లేకపోతే పాములు కాపరముంటయ్."

ఎడిటర్ గారూ, నేను అడిగేది ఇదే. కొత్తగా ఏమీ కట్టొద్దు. కాటేజీలొద్దు, రిసార్టులొద్దు. తుఫాను హెచ్చరిక లేని రోజుల్లో ఆ షెల్టర్లలో ఒక్క గది, ఒక్క బాత్రూము, ఒక్క కుళాయి సైకిల్ మీదా కాలినడకనా పోయేవాళ్ళకి తీసి ఇవ్వండి. తాళం ఆ ఊరి డ్వాక్రా గ్రూపు ఆడవాళ్ళ చేతిలో పెట్టండి. రాత్రికి 100 రూపాయలు తీసుకోనివ్వండి, రిజిస్టర్లో పేరూ ఆధార్ నంబరూ రాయించుకోనివ్వండి, తుఫాను హెచ్చరిక వస్తే వెంటనే ఖాళీ చేయాలని రాసి సంతకం పెట్టించుకోండి. వారానికొకసారైనా మోటారు తిరిగితే, పైపుల్లో నీళ్ళు పారితే, రేపు నిజంగా తుఫాను వచ్చిన రాత్రి అదే మోటారు ఊరికి పనికొస్తది. నాలాంటోడు ఒక రాత్రి పడుకోవడం చిన్న సంగతి, ఊరి ప్రాణం కోసం కట్టింది ఊరికి అక్కరకొచ్చేలా ఉండటం పెద్ద సంగతి, నా బాధ అంతా దాని గురించే. 2021 నవంబర్లో పెన్నకి వరదొచ్చి కోవూరు దగ్గర హైవే తెగినప్పుడు ఎంతమంది దారిలో చిక్కుకుపోయారో మీ పేపర్లోనే చూసాం, అట్టాంటప్పుడు కూడా తెరిచి సిద్ధంగా ఉన్న షెల్టరు ఎంత ఆదరువో ఆలోచించండి. మన పెద్దలు కాశీకి నడిచిపోయేవాళ్ళ కోసం దారి పొడుగునా సత్రాలు కట్టించారు, ఇక్కడ కట్టి ఉన్నదానికి తాళం తీయమనే అడుగుతున్నా.

దీనికి అడ్డం చెప్పేవాళ్ళుంటారు. అన్నే చెప్పాడు మొదట. బీచ్ కని వచ్చి తాగి సీసాలు పగలగొట్టి పోయేవాళ్ళు ఉన్నారు, ఆ గాజు పెంకులు తెల్లారుజామున వల లాగేవాళ్ళ కాళ్ళలో గుచ్చుకుంటున్నాయి, ఆడపిల్లలున్న ఊరు, కొత్తవాళ్ళని రానిస్తే ఎవరు చూసుకుంటారు అని. న్యాయమైన మాట. అందుకే పర్మిషన్ ఇచ్చేది ఎక్కడో ఆఫీసులో కూర్చున్నవాళ్ళు కాకుండా ఊరివాళ్ళే కావాలంటున్నా. పాలేల్లో కాపులని పిలిచే ఊరి పెద్దలు ఉన్నారు, దురాయి అని ఊరంతా ఒప్పుకునే ఆన ఉంది, ఆ పెద్దలు వద్దంటే ఆ ఊళ్ళో వద్దు, మందు ముట్టుకుంటే ఆ రాత్రే బయటికి అంటే అదే కట్టుబాటు. నేను ఊరి పేరు రాయనన్నది కూడా అందుకే, అడగకుండా జనం వాళ్ళ ఇంటి మీద పడకూడదు. ఏప్రిల్ 15 నించి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, అప్పుడు ఇంట్లో చేతికి వేట డబ్బు రాదు, ఈ వందా రెండొందలూ గ్రూపు ఖాతాలో పడుంటే ఆ రెండు నెలల్లో అప్పుకి ఇంకోచోటికి పోనక్కర్లేదని కోడలు లెక్క వేసి చెప్పింది, నాకు తట్టని సంగతి అది.

ఇంక ఆ తెల్లవారుజాము గురించి కూడా రాయాలి.

గార్డుగారు ఇంటికి పోవాలని రాత్రే తేలిపోయింది. వాపు తగ్గింది గానీ తొక్కితే మళ్ళీ వస్తది, ఆ వయసులో మోకాలితో పంతం పనికిరాదు. ఐసు తేవడానికి పాలెం నించి రోజూ చీకటితోనే నెల్లూరు పోయే ఆటో ఒకటుంది, దాంట్లో సైకిల్ వేసుకుని స్టేషన్ కి పోయి రైల్లో విశాఖ పోతారని అనుకున్నాం. సైకిల్ బ్రేక్ వ్యాన్లో బుక్ చేయాలి. "ముప్పై ఏళ్ళు జనం సామాను నేను చూసా, ఇప్పుడు నా సైకిల్ ఎవరో చూస్తారు" అని సీటు తుడుచుకుంటా అన్నారు, ఆ మాటకి మా తమ్ముడు బయటికి పోయి నిలబడ్డాడు.

సాగనంపడం అంటే పోయేది చుట్టం, ఉండేది ఇంటోళ్ళు అనుకుంటాం. అక్కడ ముందు పోయింది ఇంటాయనే. మూడున్నరకి లేచి నాలుగింటికి ఒడ్డుకి పోయాడు, మేమూ వెంట పోయాం. మబ్బుగా ఉంది, టార్చీలు తప్ప ఏం కనపడటం లేదు. ఫైబర్ బోటుని ఇసకలో నించి నీళ్ళలోకి తోస్తున్నారు, నేనూ తమ్ముడూ కూడా భుజం వేసాం, మొదటి అల వచ్చి బోటు మూతి లేచినప్పుడు ఒక్కసారిగా గుంజింది చేతుల్లోంచి. అన్న ఎక్కేసి వెనక్కి తిరిగి చెయ్యెత్తాడు, "పోయొస్తా అన్నా, మీరూ పోయి రండి" అన్నాడు. గార్డుగారు ర్యాంపు దగ్గరే ఆగిపోయారు, నడవలేక, అక్కణ్ణించే తన టార్చి మూడుసార్లు అటూ ఇటూ ఊపారు, బండి కదిలేటప్పుడు గార్డు దీపం ఊపినట్టే. బోటు మీద టార్చి కూడా అట్టానే ఊగింది. ఆ చిన్న వెలుతురు కనపడినంతసేపూ ఎవరం మాట్లాడలేదు.

ఐదున్నరకి ఆటో వచ్చింది. ఖాళీ థర్మకోల్ పెట్టెల మీద సైకిల్ అడ్డంగా పడుకోబెట్టి తాడు కట్టాం. గార్డుగారు తన పంచర్ కిట్టూ సన్న వాల్వు పంపూ మాకిస్తారనుకున్నా, ఇంజన్లు బాగుచేసే కుర్రాడికిచ్చారు, ఇంకెవరైనా ఇటు వచ్చి చిక్కుకుంటే నువ్వుంటావు కదా అని. అవ్వ ఒక స్టీలు డబ్బాలో పులుసూ అన్నం కట్టిచ్చింది, డబ్బా తిరిగివ్వాలని గట్టిగా చెప్పింది, అది మళ్ళీ రమ్మని చెప్పడమని మా ముగ్గురికీ అర్థమైంది. గార్డుగారు అవ్వ కాళ్ళకి దండం పెట్టబోతే ఆ మోకాలితో వంగొద్దని చేతులు పట్టుకుంది. ఆటో మలుపు తిరిగింది. ఆరింటికి మేమిద్దరం ఎక్కాం, అవ్వ ఒక్కతే షెల్టర్ ర్యాంపు మీద కూర్చుని ఉంది, మేం పోయే దారి వైపు కాదు, సముద్రం వైపు చూస్తా.

మిగిలిన దారి గురించి ఎక్కువ రాయను. నెల్లూర్లో పెన్న దాటి 1921లో గాంధీగారు ప్రారంభించిన పల్లిపాడు ఆశ్రమం చూసాం, గూడూరు, నాయుడుపేట, పులికాట్ లో ఫ్లెమింగోలు, తడ. మూడో సైకిల్ చప్పుడు వెనక వినపడక ఎన్నిసార్లు తిరిగి చూసానో. పాలెం వదిలిన రోజు సాయంత్రం అన్న ఫోన్ చేసాడు, ఎక్కడున్నారు అని, తను క్షేమంగా ఒడ్డుకొచ్చానని కూడా చెప్పాడు, అడక్కముందే.

గార్డుగారి మోకాలు తగ్గింది. వచ్చే జనవరికి ఆయనకి మిగిలిపోయిన నెల్లూరు, తడ ముక్క ముగ్గురం కలిసి తొక్కాలని అనుకున్నాం, మొదలుపెట్టేది ఆ పాలెంలోనే, స్టీలు డబ్బా ఇవ్వాలి కదా. నిన్న అన్నకి ఫోన్ చేస్తే షెల్టర్ తాళం అట్టానే ఉందన్నాడు. జనవరికి ఆ తలుపు తెరిచి ఉంటే మేం ముగ్గురం హాల్లో పడుకుంటాం, అవ్వ తన మంచం మీద తను పడుకుంటది.

ఇట్లు,
ఒక సైకిల్ ప్రయాణికుడు,
ఒంగోలు, ప్రకాశం జిల్లా